చిట్టీ డబ్బుతో రైలెక్కి: ప్రాగ్ నుంచి బుడాపెస్ట్ దాకా

2001లో బీఎడ్ హాస్టల్ ఖాళీ చేసిన రోజు నేనూ, నా స్నేహితురాలూ ఒకే రిక్షాలో స్టేషన్‌కు వచ్చాం. నేను గుంటూరు బండి ఎక్కాను, అది వరంగల్ బండి ఎక్కింది. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ళలో పెళ్ళిళ్ళకూ చావులకూ తప్ప కలుసుకున్నది లేదు. కలిసినా ఒక పూటే. ఎవరి బడి, ఎవరి పిల్లలు, ఎవరి అత్తమామలు వాళ్ళకున్నారు. నాలుగేళ్ళ కిందట ఒక రాత్రి ఫోన్ చేసి, "పిల్లల చదువులకు చిట్టీలేసినం, ఇంటికి వేసినం. మనకోసం ఒక్కటన్న వేసుకుందామే" అంది. ఎవరి ఊళ్ళో వాళ్ళం లక్షన్నర చిట్టీ వేశాం. మధ్యలో ఎన్ని అవసరాలొచ్చినా పాట పాడలేదు. ఆఖరి నెల దాకా ఆగి మొత్తం చేతికి తీసుకున్నాం.

అది లెక్కల టీచర్, నేను సోషల్. సెలవులు ఇద్దరికీ ఒకేసారి కాబట్టి 2025 మే 14న ప్రాగ్‌లో దిగి, 25న బుడాపెస్ట్‌లో తిరుగు విమానం ఎక్కేలా వేసుకున్నాం. మధ్యలో అన్నీ రైళ్ళే. వీపున మోయగలిగినంత బ్యాగు చెరొకటి. అందులో అటుకులు, పులిహోర ముద్ద, కరివేపాకు పొడి, రెండు డబ్బాల జంతికలు. తిండికి రోజుకు మనిషికి పదిహేను యూరోలు దాటకూడదని నా నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసి పెట్టాను. యూరో అప్పుడు 96 రూపాయల దగ్గర ఉంది. ఇంటికొచ్చి వారమైంది. అదే నోట్‌బుక్ ముందు పెట్టుకొని ఇది రాస్తున్నాను.

ప్రాగ్, మే 14, 15

చెక్ దేశంలో డబ్బు యూరో కాదు, కొరునా. పాత ఊరి చౌరస్తా దగ్గర డబ్బు మార్చే ఒక కొట్లో 50 యూరోల నోటు ఇచ్చాను. కమిషన్ లేదని బయట పెద్ద అక్షరాలతో రాసి ఉంది. చేతికి వెయ్యి కొరునాలు వచ్చాయి. ఆ రోజు రేటుకు పన్నెండు వందల పైన రావాలి. దిగిన మొదటి రోజే, అందులోనూ చిట్టీ డబ్బు, గుండె కలుక్కుమంది. ట్రామ్ స్టాపులో నిలబడి మళ్ళీ మళ్ళీ లెక్క చూసుకుంటుంటే పక్కనున్న కాలేజీ అమ్మాయి ఏమైందని అడిగింది. రసీదు తీసుకొని టైము చూసి, "ఇంకా మూడు గంటలు కాలేదు, పదండి" అంది.

అక్కడ 2019 నుంచి ఒక చట్టం ఉంది. డబ్బు మార్చుకున్న మూడు గంటల్లోపు రసీదుతో వెనక్కి వెళ్ళి వద్దంటే, కారణం అడగకుండా మన డబ్బు మనకిచ్చేయాలి. ఆ అమ్మాయి మాతోనే వచ్చింది. కౌంటర్లో మనిషి మొదట వినిపించుకోనట్టే ఉన్నాడు. ఆమె గొంతు పెంచలేదు, చెక్ భాషలో రెండు ముక్కలు మాట్లాడి, రసీదు మీద టైము వేలితో చూపించింది. మా 50 యూరోల నోటు తిరిగి వచ్చింది. మాకోసం రెండు ట్రామ్‌లు వదులుకుంది. జంతికల డబ్బా ముందు పెడితే ఒక్కటి తీసుకొని, విరిచి సగం తిని, మిగతా సగం కాగితంలో చుట్టి దాచుకుంది. తర్వాత బ్యాంకు ఏటీఎంలో డబ్బు తీసుకున్నాం. ప్రాగ్ వెళ్ళేవాళ్ళు ఎవరైనా సరే, ఆ రసీదు మాత్రం పారేయకండి.

పని రోజుల్లో మధ్యాహ్నం హోటళ్ళ బయట నల్లపలక మీద ఆ రోజు మెనూ సుద్దతో రాసి పెడతారు. రాత్రికంటే బాగా చవక. నేను మాంసం తినను కాబట్టి నాకు రెండు రోజులూ స్మజెనీ సీరే దిక్కయింది. అరచేయంత జున్నుముక్కకు బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయిస్తారు, పక్కన ఉడికించిన బంగాళాదుంపలు పెడతారు. కత్తి పెట్టగానే లోపలి జున్ను కారుతుంది. కడుపు నిండిపోతుంది, రాత్రికి ఒక యాపిల్ చాలు. బల్ల మీద బుట్టలో రొట్టెముక్కలుంటే మన హోటళ్ళలో మంచినీళ్ళలాగా ఊరికే పెట్టారనుకొని నాలుగు తిన్నాం. ఎన్ని తిన్నామో చూసి బిల్లులో వేశారు. అది అక్కడి మామూలు పద్ధతేనట. ముట్టుకోకపోతే డబ్బుండదు.

చార్లెస్ వంతెన గురించి మాత్రం మా లెక్కల టీచర్ ఇంటి దగ్గర్నుంచే ఒక పట్టుదలతో వచ్చింది. నాలుగో చార్లెస్ చక్రవర్తి ఆ వంతెనకు 1357లో తొమ్మిదో తేదీ, ఏడో నెల, ఉదయం 5 గంటల 31 నిమిషాలకు పునాదిరాయి వేశాడని చెబుతారు. వరసగా రాస్తే 1, 3, 5, 7, 9, 7, 5, 3, 1. ఎక్కి దిగే మెట్లలాగా ఉండే అంకెలు. జ్యోతిష్కులు చూసి పెట్టిన ముహూర్తమట. "మనోళ్ళే అనుకున్న, వీళ్ళకు గూడ ముహూర్తాల పిచ్చి ఉండె" అంటూ నన్ను చీకట్లోనే లేపింది. సరిగ్గా 5:31కి వంతెన మధ్యలో నిలబడ్డాం. సూర్యుడు అప్పుడే వచ్చాడు. మేమూ, చీపురుతో ఊడ్చేవాళ్ళు ఇద్దరూ, పెళ్ళిబట్టల్లో ఫోటోలు తీసుకుంటున్న ఒక జంట. అంతే. పదింటికి మళ్ళీ అటుగా వస్తే అడుగు పెట్టే సందు లేదు.

బోహుమీన్, మే 16

పోలెండ్ సరిహద్దు మీద చెక్ వైపున్న రైల్వే జంక్షన్ ఇది. చూడ్డానికని ఎవరూ దిగరు. మేం ఎక్కిన రైలు నలభై నిమిషాలు ఆలస్యమై, క్రాకోవ్ వెళ్ళే రైలు తప్పిపోయింది. తర్వాతది రెండున్నర గంటలకు. బయట సన్నగా వాన, పది డిగ్రీల చలి. అటుకుల్లో పులిహోర ముద్ద కలుపుకొని వెయిటింగ్ హాల్లో కూర్చున్నాం.

అక్కడ ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక రైల్వే ఉద్యోగిని ఉంది. చెక్ స్టేషన్లలో రైలును పంపించే అధికారికి ఆ టోపీ ఉంటుంది. మా ఈడుదే. మా టికెట్ చూసింది. ఇంగ్లిష్ రాదు. లోపలికెళ్ళి ఒక కాగితం, పెన్సిలు తెచ్చి మా పక్కనే కూర్చుంది. ముందు ప్లాట్‌ఫాం నెంబరు వేసింది, తర్వాత టైము. ఆ తర్వాత ఒక రైలు బొమ్మ గీసింది. ఇంజను, దాని వెనక డబ్బాలు. మధ్యలో నిలువు గీత కొట్టి, ముందు డబ్బాల మీద వార్సా అని రాసి ఇంటూ పెట్టింది. వెనక డబ్బాల మీద క్రాకోవ్ అని రాసి సున్నా చుట్టింది. దారిలో రైలు రెండు ముక్కలవుతుంది, వెనక ముక్కలోనే ఎక్కండి అని. బొమ్మ పూర్తయ్యాక పెన్సిలు నా చేతికిచ్చి, మీరెక్కడ కూర్చుంటారో చూపించమంది. నేను వెనక డబ్బా మీద చుక్క పెట్టాను. అప్పుడు గానీ లేవలేదు. పాఠం చెప్పి, పిల్లాడికి అర్థమైందో లేదో బోర్డు దగ్గరికి పిలిచి చూడటం మేమూ రోజూ చేసే పనే. ఇంత బాగా చేస్తున్నామా అని ఇద్దరం అనుకున్నాం.

జంతికలు పెట్టాం. రెండు తిని, మూడోది తీసుకొని, టోపీ సరిచేసుకొని ప్లాట్‌ఫాం మీదికి వెళ్ళిపోయింది. రైలొచ్చినప్పుడు దూరం నుంచే చెయ్యెత్తి వెనక డబ్బాల వైపు చూపించింది. ఆ కాగితం నా నోట్‌బుక్‌లో మడిచి ఉంది.

క్రాకోవ్, మే 17, 18

శనివారం పొద్దున ఆష్విట్జ్‌కు వెళ్ళాం. ఊరి పేరు పోలిష్‌లో ఓష్వియెంచిమ్. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు సుమారు పదకొండు లక్షల మందిని చంపిన చోటు, వాళ్ళలో పది లక్షల దాకా యూదులు. ఈ అంకె నేను తొమ్మిదో తరగతికి ఏటా చెప్తాను. ఒక గదిలో అద్దం వెనక జుట్టు ఉంది, ఆడవాళ్ళ తలల నుంచి తీసింది, కుప్పగా. అక్కడ ఫోటోలు తీయకూడదు. ఆ కుప్పలో కొన్ని అల్లిన జడలు అలాగే ఉన్నాయి. మా బడిలో పొద్దున ప్రార్థనకు వరసలో నిలబడే పిల్లల రెండు జడలు కళ్ళ ముందుకొచ్చాయి. మనవైపు మొక్కుకొని సంతోషంగా తలనీలాలిస్తాం. ఇక్కడ ఇవి. తను నా చెయ్యి పట్టుకొని బయటికి తీసుకొచ్చింది. తిరుగు రైల్లో ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆ రోజు గురించి ఇంతకంటే రాయలేను.

పోలెండ్‌లో బార్ మ్లెచ్నీ అనేవి ఉంటాయి. పేరుకు పాల బార్లు, నిజానికి సర్కారు సాయంతో నడిచే చవక భోజనశాలలు. పాలు, పిండి, గుడ్లు, దుంపలతో చేసిన వంటలు ఎక్కువ. గోడ మీద పట్టిక చూసి కౌంటర్లో డబ్బు కట్టాలి, కిటికీ దగ్గర ప్లేటు తెచ్చుకోవాలి, తిన్నాక ప్లేటు ఇంకో కిటికీలో మనమే పెట్టాలి. నేను పిరోగీ తీసుకున్నాను. అచ్చం మన కజ్జికాయే, ఆకారమూ అదే, అంచు మడతలూ అవే. కాకపోతే నూనెలో వేయించరు, నీళ్ళలో ఉడికిస్తారు. లోపల కొబ్బరీ బెల్లం బదులు బంగాళాదుంప, తాజా జున్ను, ఉల్లిపాయ. పైన వేయించిన పందికొవ్వు ముక్కలు చల్లే అలవాటుంది. మాంసం వద్దు అనడానికి "బెజ్ మియెన్సా" అని రైల్లోనే నేర్చుకొని వచ్చాను. కౌంటర్ దగ్గర పెద్దావిడ తలూపి, పందికొవ్వు బదులు వేయించిన ఉల్లిపాయలు గరిటెడు వేసింది. 17 జ్లోటీలు, మన లెక్కలో నాలుగొందల లోపే. నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీ చివర గీత కింద తొమ్మిది యూరోలే ఉంది.

ఒకే బల్ల మీద ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూర్చుంటారు. కూర్చునేవాళ్ళు ముందే తింటున్నవాళ్ళతో "స్మచ్‌నెగో" అంటారు, రుచిగా తినండి అని. మా ఎదురుగా కూర్చున్న ఒక తాతగారు అలాగే అని, నా ప్లేటులోకి చూసి, పక్కనున్న పుల్లమీగడ గిన్నె నా వైపు జరిపారు. అది లేకుండా పిరోగీ తినడం ఆయనకు నచ్చినట్టు లేదు. పుల్లగా చల్లగా ఆ మీగడ తగిలాక ప్లేటు రుచే మారిపోయింది. తర్వాత మూడు పూటలు అక్కడే తిన్నాం.

ప్రతి గంటకూ సెయింట్ మేరీ చర్చి బురుజు మీద నుంచి బాకా ఊదుతారు, నాలుగు దిక్కులకూ నాలుగుసార్లు. రాగం మధ్యలో ఠక్కున ఆగిపోతుంది. మంగోలులు దాడి చేసినప్పుడు ఊరిని హెచ్చరించడానికి ఊదుతున్న కాపలావాడి గొంతులో బాణం దిగిందనీ, అందుకే అక్కడే ఆపుతారనీ కథ. ఊదేది రికార్డు కాదు, అగ్నిమాపక శాఖ మనుషులు వంతులవారీగా ఊదుతారు. ఊదాక కిటికీలోంచి చెయ్యి ఊపుతారు, కిందివాళ్ళు తిరిగి ఊపుతారు. మేమూ ఊపాం. ఆయన మావైపే ఊపాడని తను ఇప్పటికీ అంటుంది.

ఆదివారం పోలెండ్‌లో అధ్యక్ష ఎన్నికల మొదటి విడత. చాలా ఆదివారాలు అక్కడ పెద్ద కొట్లు తీయరు కూడా, అందుకని ముందురోజే రొట్టె, అరటిపళ్ళు కొనిపెట్టుకున్నాం. కాజిమియెజ్ పేటలో నడుస్తుంటే ఒక బడి గేటుకు జెండా కట్టి ఉంది, జనం వచ్చిపోతున్నారు. పోలింగ్ స్టేషన్. కాళ్ళు వాటంతటవే ఆగాయి. సుమారు ఏడాది కిందట, 2024 మే 13న, మేమిద్దరం ఇలాంటి బడుల్లోనే ఎలక్షన్ డ్యూటీలో ఉన్నాం. లోపలికి వెళ్ళకూడదు కదా, గేటు బయటే నిలబడ్డాం. గాలి పీల్చుకోవడానికి బయటికొచ్చిన ఒకామె మమ్మల్ని చూసి ఇంగ్లిష్‌లో పలకరించింది. ఆమె లోపల కమిటీలో పని చేస్తోంది. మా లెక్కల టీచర్ ఫోన్ తీసి, సామాను సంచీతో బస్సు ముందు దిగిన తన డ్యూటీ ఫోటో చూపించింది. ఇక కబుర్లు ఆగలేదు. అక్కడ పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా పోలింగ్. పదమూడు మంది అభ్యర్థులు ఒకే కాగితం మీద. పెట్టెలు వేరే చోటికి పంపరు, ఆ రాత్రే ఆ గదిలోనే చేత్తో లెక్కపెడతారు. "నిద్ర ఎప్పుడు?" అని అడిగాం. రెండు చేతులూ పైకెత్తింది. భోజనం ఎవరు పెడతారు, రాత్రి ఆడవాళ్ళు ఇంటికెలా వెళ్తారు, అన్నీ మాట్లాడుకున్నాం. ఆ పదిహేను నిమిషాలూ మేం విదేశంలో ఉన్నామన్న సంగతే గుర్తులేదు.

వియన్నా, మే 19, 20

క్రాకోవ్ నుంచి వియన్నా రైలు బోహుమీన్‌లో ఆగుతుంది. కిటికీకి మొహం ఆనించి ఎర్ర టోపీ కోసం చూశాం. టోపీ కనబడింది, పెట్టుకున్నది వేరే మనిషి.

వియన్నాలో నీళ్ళు కొనక్కర్లేదు. కుళాయిలో వచ్చేది కొండ ఊటల నీరు, 1873 నుంచి గొట్టాల్లో వస్తోంది. వీధి కుళాయిల దగ్గర సీసాలు నింపుకున్నాం. అంత చల్లని, ఏ వాసనా లేని నీళ్ళు తాగి ఎన్నేళ్ళయిందో.

మా ఇద్దరికీ గొడవైంది కూడా ఇక్కడే. పాత కాఫీహౌసుకు ఒకదానికి వెళ్ళాం. పాలరాతి బల్లలు, నల్లకోటు వేసుకున్న సర్వర్లు, చెక్క కర్రలకు తగిలించిన న్యూస్‌పేపర్లు. ఒక కాఫీ చెప్పుకొని సగం సగం తాగుదామన్నాను. తను నన్ను అడక్కుండానే రెండు మెలాంజ్‌లు, ఒక యాపిల్ స్ట్రూడెల్ చెప్పింది. నురగ కాఫీ వెండి పళ్ళెంలో వచ్చింది, పక్కన గ్లాసుడు నీళ్ళు, గ్లాసు మీద చెంచా బోర్లించి. నేను నోట్‌బుక్ తీశాను. పద్దెనిమిది యూరోలు, ఒక్క పూటలో. "ఇలా అయితే బుడాపెస్ట్‌లో ఏం తింటామే?" అన్నాను.

తను కప్పు కింద పెట్టింది. "ఇరవై నాలుగేండ్లకు గిట్ల కూసున్నం. నువ్వు నా మొఖం చూస్తలేవు, గా బుక్కు చూస్తున్నవ్. ప్రాగ్ నుంచి గంతే. నేను తినే ప్రతి ముద్ద నువ్వు రాసుకుంటున్నవే" అంది. నాకూ కోపమొచ్చింది. డబ్బు అయిపోతే ఎవరిని అడుగుతాం, జాగ్రత్త పడటం తప్పా అన్నాను. ఇంకా ఏవో అన్నాను, ఆ పెళ్ళికి నువ్వు రాలేదు, నాన్న పోయినప్పుడు నువ్వొక్క రోజే ఉన్నావు అని, ఎప్పటివో. తను కళ్ళు తుడుచుకుంది. అక్కడ గంటలకొద్దీ కూర్చున్నా లేవమని ఎవరూ అనరు. సర్వర్ వచ్చి మాట్లాడకుండా నీళ్ళ గ్లాసులు రెండూ మార్చి కొత్తవి పెట్టి వెళ్ళాడు. స్ట్రూడెల్ అలాగే ఉంది. చివరికి తనే చెంచాతో మధ్యకు కోసి, పెద్ద ముక్క నా వైపు నెట్టింది. తిన్నాను గానీ హాస్టల్ దాకా ఇద్దరం ముందూ వెనకా నడిచాం.

సెమ్మరింగ్, మే 21

పొద్దున లేచి నోట్‌బుక్ హాస్టల్ లాకర్లో పెట్టేసి తాళం వేశాను. తను చూసింది, ఏమీ అనలేదు. స్టేషన్‌కు నడుస్తూ చెయ్యి పట్టుకుంది.

ఆస్ట్రియా కొండల్లోని ఈ సెమ్మరింగ్ రైలు దారి చూడాలన్నది నా కోరిక. అరకు రైల్లో సొరంగాలు లెక్కపెట్టిన ప్రతి తెలుగువాళ్ళూ ఒకసారి చూడాల్సినది. గ్లాగ్నిట్జ్ నుంచి మ్యుర్జ్‌త్సుష్లాగ్ దాకా 41 కిలోమీటర్లు, 14 సొరంగాలు, 16 పెద్ద వంతెనలు. 1848లో మొదలుపెట్టి 1854లో పూర్తి చేశారు. అప్పటికి డైనమైట్ కనిపెట్టనే లేదు. తుపాకిమందుతో, సుత్తులతో, చేతులతో తొలిచారు. విషజ్వరాలకూ కలరాకూ వందలమంది కూలీలు పోయారు. కట్టించిన ఇంజనీరు కార్ల్ ఫాన్ గేగా దారి గీసేనాటికి, అంత ఎత్తు ఎక్కగల ఇంజనే లేదు. దారి ముందు వేస్తూ, 1851లో ఇంజన్లకు పోటీ పెట్టారు. 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది, మామూలు ప్యాసింజర్లు, సరుకు బళ్ళు ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాయి.

సెమ్మరింగ్ స్టేషన్లో దిగి అడవి బాట పట్టాం. యూరో రాకముందు ఆస్ట్రియాలో నడిచిన 20 షిల్లింగుల నోటు మీద గేగా బొమ్మ ఉండేది, వెనక వైపు ఈ రైలుదారి బొమ్మ. ఆ దృశ్యం కనబడే చోటుకు ఇప్పుడు ఇరవై షిల్లింగుల చూపు అనే పేరు. ఒక మలుపు దగ్గర గుర్తు బోర్డు గమనించక కిందికి దిగిపోయాం. ముప్పావు గంట నడిచాక బాట చిన్నదై గడ్డిలో కలిసిపోయింది. తనకు మోకాలు నొప్పి మొదలైంది. కుక్కతో వస్తున్న ఒకావిడ ఎదురైంది. ఆ కొండల్లో ఎదురైన ప్రతివాళ్ళూ "గ్రూస్ గాట్" అని పలకరించుకుంటారు, పలకరించకుండా దాటిపోవడం మర్యాద కాదు. దేవుడు నిన్ను పలకరించుగాక అని దాని అర్థం. మేమూ అన్నాం. ఆవిడ వెనక్కి తిరిగి, మాతో మలుపు దాకా ఎక్కి వచ్చి, బోర్డు చూపించి, తన చేతికర్ర మా దాని చేతిలో పెట్టబోయింది. తను రెండు చేతులూ జోడించి వద్దంది.

చూపు దగ్గర బల్ల మీద కూర్చున్నాం. కింద లోయ మీదుగా రెండంతస్తుల రాతి వంతెన, కాల్టె రినె, 46 మీటర్ల ఎత్తు, విల్లులా వంగి ఉంది. వెనక తెల్లటి రాతి కొండలు. వియన్నా ఊట నీళ్ళు కొన్ని ఆ కొండల వైపు నుంచే వస్తాయి, మేం సీసాల్లో తెచ్చుకున్నవీ అవే కావచ్చు. బాగా ఏటవాలున్న చోట వెయ్యి మీటర్లు వెళ్తే 28 మీటర్లు ఎక్కుతుందని నేను చెబితే, తను వేలితో గాల్లో త్రిభుజం గీసి, "పదో తరగతి పిల్లలకు గీ బొమ్మ చూపెట్టాలె" అంది. అప్పుడే సొరంగంలోంచి రైలొచ్చింది. ఎర్రటి డబ్బాలు ఒక్కొక్కటే వంపు తిరుగుతూ వంతెన మీదికి వచ్చాయి. చప్పుడు ఆలస్యంగా మాదాకా వచ్చింది. ఇద్దరం లేచి నిలబడ్డాం. రైలు పోయాక తను, మీ నాన్న పోయినప్పుడు మా అత్తకు ఆపరేషన్, ఉండలేకపోయిన, చెప్పుడు గూడ కుదరలేదు అంది. చాలాసేపు అక్కడే ఉన్నాం.

ఆ రోజు ఖర్చు పేజీ ఖాళీగానే ఉంది.

బుడాపెస్ట్, మే 22 నుంచి 25

బుడాపెస్ట్‌లో ప్రసిద్ధమైన వేడినీళ్ళ స్నానశాలలకు వెళ్ళలేదు, టికెట్ మా రెండు రోజుల తిండి ఖర్చు కంటే ఎక్కువ. సాయంత్రాలు డాన్యూబ్ ఒడ్డున నడిచాం. పార్లమెంటు దగ్గర గట్టు అంచున ఇనుముతో పోతపోసిన చెప్పులున్నాయి, అరవై జతలు. 1944, 45లలో యూదులను ఆ అంచున నిలబెట్టి, చెప్పులు విప్పించి, కాల్చి నదిలో పడేశారు. ఒక చిన్నపిల్ల చెప్పులో ఎవరో తాజా పువ్వు పెట్టారు. క్రాకోవ్ రైల్లో ఉన్నట్టే నిశ్శబ్దంగా హాస్టల్‌కు వచ్చాం.

శనివారం పెద్ద బజారు. 1897లో కట్టిన ఇనుప కప్పు మార్కెట్. నేను గుంటూరు మనిషిని, తనది వరంగల్ దగ్గర మిరప రైతుల ఇల్లు. లోపల అడుగు పెట్టగానే ఎండుమిర్చి దండలు వేలాడుతూ కనిపించాయి. ఇద్దరి ముక్కులూ ఒకేసారి లేచాయి. కానీ ఘాటు రాలేదు. గుంటూరు యార్డు పక్క నుంచి ఆటోలో పోతేనే దగ్గొస్తుంది. ఇక్కడ తీయటి వాసన.

హంగరీవాళ్ళు దాన్ని పాప్రికా అంటారు. సెగెద్, కలొచా ఊళ్ళది పేరుమోసింది. "ఏదెష్" అంటే తీపిది, "చీపోష్" అంటే కారంది. కొట్లో ఆవిడ తీపి పొడి చిటికెడు మా లెక్కల టీచర్ అరచేతిలో వేసింది. తను నాలుకకు రాసుకొని కళ్ళు పెద్దవి చేసింది. "ఏమే, గిది మా చపాటానే!" అంది. వరంగల్ వైపు పండే చపాటా మిరప లావుగా, టమాటాలాగా ఉంటుంది, ఎరుపు ఎక్కువ, కారం తక్కువ. రంగు కోసమే కొంటారు. తను ఫోన్లో వాళ్ళ కల్లం ఫోటోలు తీసింది. ఎకరం మేర ఎర్రగా ఆరబోసిన కాయలు, మధ్యలో తలకు తువ్వాలు చుట్టుకొని కూర్చున్న వాళ్ళమ్మ. కొట్టావిడ ఫోన్ చేతిలోకి తీసుకొని బొమ్మ పెద్దది చేసి చూసింది. పక్క కొట్టువాళ్ళను పిలిచింది. వాళ్ళమ్మ చేతుల వైపు చూపించి, తన చేతులు తిప్పి మాకు చూపించింది. గోళ్ళ చుట్టూ అదే ఎరుపు, కడిగినా పోనిది.

సెగెద్‌లో పనిచేసిన ఆల్బర్ట్ సెంట్-జ్యోర్జీ ఈ పాప్రికాలోంచే సి విటమిన్‌ను పెద్ద మొత్తంలో తీశాడు, 1937లో నోబెల్ వచ్చింది. మిరపకాయ మాత్రం మనకూ వాళ్ళకూ ఇద్దరికీ అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. రెండు ఇళ్ళకు కోడళ్ళుగా వెళ్ళిన అక్కచెల్లెళ్ళలాగా, అక్కడ ఒక అలవాటు నేర్చింది, ఇక్కడ ఒకటి.

నాకు మాత్రం కారం కావాలి. పదకొండు రోజులైంది. సంగతి అర్థమై కొట్టావిడ ఒక చిన్న గాజు సీసా తీసింది. ఎరోష్ పిష్తా. ఉప్పేసి నూరిన పచ్చి ఎర్రమిరప. మూత తీసి వాసన చూస్తే, చింతపండు లేదన్న మాటే గానీ, సంక్రాంతి తర్వాత మా ఇంట్లో రోట్లో దంచే పండుమిర్చి కారం. వెయ్యి ఫోరింట్ల లోపు, మన లెక్కలో రెండొందల పైచిలుకు. పై అంతస్తులో లాంగోష్ కొన్నాం, భటూరా కంటే మందంగా, పళ్ళెమంత వెడల్పున నూనెలో పొంగించిన రొట్టె. వెల్లుల్లి నీళ్ళు రాసి ఇస్తారు. మేం సీసా తీసి దాని మీద ఎర్రగా పరిచాం. చుట్టుపక్కలవాళ్ళు తినడం ఆపి చూశారు. కంట్లో నీళ్ళొచ్చాయి, ప్రాణం లేచొచ్చింది.

ఆ రాత్రి హాస్టల్ వంటింట్లో అన్నం వండాం. అలాంటి వంటిళ్ళలో ఒక అలమర ఉంటుంది, వెళ్ళిపోయేవాళ్ళు మిగిలినవి అందులో పెడతారు, కావలసినవాళ్ళు వాడుకోవచ్చు. ఎవరో వదిలిన నూనె, సగం ఉల్లిపాయ దొరికాయి. వేడి అన్నంలో ఎరోష్ పిష్తా, నూనె కలిపి, ఉల్లిపాయ నంజుకుంటూ ఒకే గిన్నెలో ఇద్దరం తిన్నాం, హాస్టల్లో తిన్నట్టు. తర్వాత నోట్‌బుక్ తీసి తనే మొత్తం కూడింది. విమానంతో, వీసాతో కలిపి మనిషికి లక్షా ముప్పై ఎనిమిది వేలు, సెమ్మరింగ్ రోజు వదిలేసి. మిగిలిన పన్నెండు వేలకు మళ్ళీ చిట్టీ కడదామంది.

పొద్దున వెళ్ళేముందు మా కరివేపాకు పొడి సీసా, అడుగున ఇంకా నాలుగు పూటలకు సరిపడా ఉంది, ఆ అలమరలో పెట్టాం. తను కాగితం ముక్క అంటించి, వేడి అన్నంలో నూనెతో కలుపుకోవాలని ఇంగ్లిష్‌లో రాసింది. కింద తెలుగులో కూడా రాసింది. "గీడికి మనోళ్ళు ఎవరన్న రాకపోతరా" అని, సీసా పేరు కనబడేలా ముందుకు తిప్పి పెట్టింది.